ఒప్పందానికి కావలి ఎవరు?



119 ఎన్నటికీ 175 కాదు. ఈ పొద్దు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది కాబట్టి మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చివరి రోజుల్లో అందులో 294 స్థానాలు. తెలంగాణవి 119, ఆంధ్ర, రాయలసీమలవి కలిపి 175. లోక్‌సభకు వెళ్లేవాళ్లు ఇటు నుంచి 17 మంది, అటు నుంచి 25 మంది. ముఖ్యమంత్రి ఎంత మంచివాడైనా సరే, ఏదో ఒక విషయంలో ప్రాంతానికి ప్రాంతం ఎదురు నిలిచిందంటే ఫలితం చేతులెత్తకముందే తెలిసిపోయేది.

ఎవరి పేరున మనం ఏటా ఇట్లా కూడుతున్నామో ఆ సారు ఈ చుట్టుపక్కల బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పారు. 1969లో ఆయన చదువుకునే పిల్లవాడు, 2011 సకల జనుల సమ్మె నాటికి పెన్షన్ తీసుకునే పెద్దమనిషి. ఆయన మీద మాట్లాడటానికి నాకంటే దగ్గరివాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఆయన బతుకంతా తరిమిన ప్రశ్న మీద మాట్లాడతాను. విషయం చెప్పగానే నిర్వాహకుల్లో ఒక తమ్ముడు, "రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది, ఇంకా విడిపోవుడు ముచ్చటేనా సార్?" అన్నాడు. తెలంగాణ రావాలా వద్దా అన్న ముచ్చట అయిపోయింది, నిజమే. ఒక పెద్ద భాగస్తుడు, ఒక చిన్న భాగస్తుడు కలిసి ఉన్నచోట, చిన్నవాడు ఎప్పుడు సర్దుకుపోవాలి, ఎప్పుడు లేచి రావాలి అన్న ముచ్చట మాత్రం ఎక్కడా అయిపోలేదు.

1955 దగ్గర మొదలుపెడతాను. ఫజల్ అలీ అధ్యక్షుడిగా, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా ఏర్పడిన రాష్ట్రాల పునర్విభజన సంఘం ఆ ఏడు సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చని చెప్పింది. ఇంతవరకు బడి పిల్లలకు కూడా తెలుసు. అదే నివేదికలో జనం అంతగా పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. కలిపితే తెలంగాణకు ఏ రక్షణలు ఇవ్వాలి అన్న ప్రశ్నను సంఘం పరిశీలించింది. శ్రీబాగ్ ఒడంబడిక లాంటి హామీలు గానీ, స్కాట్లాండుకు బ్రిటన్‌లో ఇచ్చినటువంటి ఏర్పాట్లు గానీ ఇక్కడ పనికిరావన్నది. కేంద్రం నేరుగా పర్యవేక్షిస్తే తప్ప ఏ హామీ నిలవదని, అట్లాంటి పర్యవేక్షణను తాము సిఫారసు చేయబోవడం లేదని తేల్చేసింది. అంటే, కలిసిన తర్వాత ఇచ్చిన మాట నిలబెట్టించే నాథుడు ఉండడని కలపకముందే కాగితం మీద రాసిపెట్టారు. నా ఉపన్యాసం మొత్తానికి ఈ ముక్కే పునాది.

శ్రీబాగ్ సంగతి కూడా ఒక్కమాట చెప్పుకోవాలి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. అక్కడ చిన్న భాగస్తుడు రాయలసీమ. ఆ ఒప్పందం పుణ్యాన 1953లో కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. దగా పడ్డది మనమొక్కరమే అనుకుని గుండెలు బాదుకునేవాళ్లు ఒకసారి కర్నూలు పోయి రావాలి.

మరి విలీనం మన నెత్తిన బలవంతంగా రుద్దిందేనా? ఇక్కడ మన ఉద్యమకారులం కొంచెం తొందరపడి మాట్లాడతామని నాకు అనిపిస్తుంది. 1955 చివర హైదరాబాదు శాసనసభలో చర్చ జరిగినప్పుడు తెలంగాణ సభ్యులు 94 మందిలో 59 మంది విశాలాంధ్ర వైపు మాట్లాడారు, 25 మంది వద్దన్నారు. కమ్యూనిస్టులు మనస్ఫూర్తిగా విశాలాంధ్ర కోరారు. ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒక్కచోట ఉండాలన్న కల దొంగ కల కాదు, దాని కోసం జైళ్లకు పోయినవాళ్లున్నారు. కానీ లెక్క వేయండి. 94లో మూడింట రెండొంతులంటే 63. ఆ 59 మంది మాటలు ఓట్లయినా గీత దాటేవి కావు. పైగా ఓటింగే జరగలేదు. సంఘం పెట్టిన గీత ఐదేళ్ల ఆలోచన తర్వాత దాటాల్సినది. మనల్ని ఏడాది తిరగకుండా, ఓటు లేకుండా దాటించారు.

ఇక మన జిల్లా కథ. 1956 మార్చి మొదటి వారంలో నెహ్రూ నిజామాబాదు వచ్చారు. అప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి, బీబీపేట అన్నీ నిజామాబాదు జిల్లాలోనివే. ఆ సభలో ఆయన ఈ విలీనాన్ని పెళ్లితో పోల్చారు, పొసగకపోతే విడాకులకు వీలుంటుందన్నారు. పత్రికల్లో వచ్చిన ఆ మాట ఆ తర్వాత అరవై ఏళ్లు మన ఉపన్యాసాల్లో నలిగింది. నెహ్రూ మీద ఎంత గౌరవం ఉన్నా ఆ పోలిక నాకు మింగుడుపడదు. పెళ్లిలో గొడవొస్తే పోయి మొరపెట్టుకోవడానికి కోర్టు ఉంటుంది, కులపెద్దలుంటారు, కనీసం పుట్టిల్లు ఉంటుంది. ఈ పెళ్లిలో పుట్టింటిని రద్దు చేశారు, అత్తగారినే జడ్జి కుర్చీలో కూర్చోబెట్టారు. విడాకులకు వీలుందని మైకులో చెప్పారే గాని రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ఆ పేరుతో ఒక్క అక్షరం లేదు.

అంతకు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. మన వైపు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. మంత్రులు 60, 40 పాళ్లలో ఉండాలి. తెలంగాణ ఆదాయంలో మిగులు తెలంగాణకే ఖర్చు పెట్టాలి. కొలువులకు 12 ఏళ్ల స్థానిక నివాసం ఉండాలి. వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలి. చదివితే ముచ్చటేస్తుంది. ఏం రాయాలో వాళ్లకు బాగా తెలుసు. రాసింది అమలు చేయకపోతే ఎవరిని అడగాలో మాత్రం సరిగ్గా రాసుకోలేదు.

నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంతకం పెట్టిన చెయ్యి, ఆ పదవిని తోసిపుచ్చిన చెయ్యి ఒక్కటే. ఒప్పందంలో ప్రాంతీయ మండలిగా ఉన్నది కాస్తా తర్వాత ప్రాంతీయ సంఘం అయింది. తెలంగాణ శాసనసభ్యులంతా అందులో సభ్యులు. కొన్ని శాఖల మీద సలహా చెప్పవచ్చు, ప్రభుత్వంతో తేడా వస్తే గవర్నరు మాటే చివరి మాట. ఆ గవర్నరును వేసేది ఢిల్లీ. ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఉన్నది ఒకే పార్టీ. తెలంగాణ సభ్యుల్లో ఎక్కువమందీ ఆ పార్టీవాళ్లే, టికెట్ కోసం ఎదురుచూడాల్సినవాళ్లే. ఇంత చక్కగా అల్లిన దడిలో కావలివాడు నిలబడే చోటేది?

సారు ఇంట్లో వాళ్లు నాకొక కాగితం చూపించారు. కొలువు కోసం స్థానికుడినని రుజువు చూపించుకోవడానికి తహశీల్దారు ఇచ్చిన ముల్కీ సర్టిఫికెట్. నాలుగు మడతల దగ్గర చిరిగి, వెనకవైపు బట్టముక్క అంటించి ఉంది. ఫలానా వాని కొడుకు, ఫలానా ఊరు, పదిహేనేళ్లుగా ఈ గడ్డ మీదే ఉన్నాడని ముద్ర. తాతముత్తాతల నుంచి ఇక్కడే ఉన్న మనిషి తాను ఇక్కడివాడినేనని కచేరీ చుట్టూ తిరిగి రాయించుకున్న కాగితమది. అదే రోజుల్లో నిన్న రైలు దిగినవాళ్లకూ అట్లాంటి కాగితాలు దొరుకుతున్నాయని ఊరూరా గగ్గోలు. రక్షణ ఉంది, దాని ముద్ర మాత్రం ఎవరి చేతిలోనో ఉంది.

1969 జనవరిలో ఖమ్మంలో విద్యార్థి నిరాహారదీక్షతో అంటుకున్న మంట గురించి ఈ సభలో వివరించనక్కర్లేదు. 369 మంది అమరులని చెప్పుకుంటాం. నేను పైసల సంగతే ఎత్తుతాను, ఎందుకంటే భావోద్వేగం అని కొట్టిపారేయడానికి వీల్లేనిది అదొక్కటే. తెలంగాణ మిగులు నిధులు ఎంత దారి మళ్లాయో తేల్చమని సర్కారే వేసిన లలిత్ కమిటీ దాదాపు 34 కోట్లని చెప్పింది. తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ 28 కోట్ల పైచిలుకని చెప్పింది. ఎంత అన్న దగ్గరే పేచీ వచ్చింది, మళ్లాయా లేదా అన్న దగ్గర రాలేదు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు 1957 నాటి నివాస నిబంధనల చట్టం తెలంగాణకు చెల్లదన్నది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. అప్పుడేమైంది? జై ఆంధ్ర ఉద్యమం లేచింది. బలమైన భాగస్తుడే విడిపోతానన్నాడు! చిన్నవాడి రక్షణ పెద్దవాడికి అవమానంగా తోచింది. నాలుగేళ్ల తేడాలో రెండు ప్రాంతాలూ విడివిడిగా విడిపోతామన్నాయి, ఢిల్లీ ఇద్దరినీ కూర్చోమన్నది. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ పోయింది, ప్రాంతీయ సంఘం పోయింది. 1971లో తెలంగాణ ప్రజా సమితికి 14 లోక్‌సభ స్థానాల్లో 10 ఇచ్చిన జనం అప్పటికే నోరు మూసుకుని ఉన్నారు, నాయకుడు చెన్నారెడ్డి గెలిచిన ఏడాదిలోనే పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు కాబట్టి. 1956 ఒప్పందం మీద సంతకం చేసినవాడూ, దాన్ని తెంచాలని ఉద్యమం నడిపినవాడూ, మళ్లీ అదే ఇంట్లో చేరినవాడూ ఆయనే. మన రోగం అంతా అటు నుంచే వచ్చిందనుకుంటే ఇట్లాంటి చోట మాట తడబడుతుంది.

1985 డిసెంబరు 30 నాటి 610 జీవోతో కథ పూర్తిగా తేటపడుతుంది. నిబంధనలు మీరి కొలువుల్లో చేరిన స్థానికేతరులను వాళ్ల ప్రాంతాలకు పంపాలని అందులో ఉంది. గడువు 1986 మార్చి. అమలు ఎంతవరకు వచ్చిందో చూడమని గిర్‌గ్లానీ కమిషన్ వేసింది 2001లో. మూడు నెలల పని జరిగిందో లేదో కనుక్కోవడానికి పదిహేనేళ్లు!

ఇంతకీ నేను తేల్చదలచుకున్నది ఇది. విడిపోవాలా వద్దా అని అడిగినప్పుడు చాలామంది ముందుగా బీదరికం లెక్కలు తీస్తారు. 2010 డిసెంబరు 30న నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ అదే చేసింది. తెలంగాణ మరీ వెనకబడి లేదు, రాయలసీమే ఎక్కువ వెనకబడిందని పట్టికలు వేసి చూపింది. ఆ పట్టికలతో నాకు తగాదా లేదు. చిన్న భాగస్తుడు బాగా తింటున్నాడా లేదా అన్నది కొలత కాదు. అతనికి ఇచ్చిన మాట తప్పినప్పుడు, తప్పినవాడు కాక వేరే ఒకడు ఆపగలడా అన్నది కొలత. ఆపగలిగితే ఎంత అసమానమైన పొత్తులోనైనా ఓర్చుకుని ఉండవచ్చు. ఆపలేకపోతే ప్రతి హక్కూ దయాధర్మం అయిపోతుంది. అదే శ్రీకృష్ణ కమిటీ ఆరు దారులు చెప్పి, అన్నిటికంటే మేలైనదిగా దేన్ని ఎంచిందో గుర్తుందా? సమైక్య రాష్ట్రం, అందులో చట్టబద్ధమైన తెలంగాణ ప్రాంతీయ మండలి. 1956లో ఇస్తామన్నదాన్ని, 1973లో తీసేసినదాన్ని 2010లో కొత్త మందుగా రాశారు.

బయట దేశాల్లోనూ ఈ కొలత పనికొస్తుందా అని చూశాను. చెకొస్లొవేకియాలో చెక్కులు రెండింతలు, స్లొవాక్‌లు ఒక వంతు. అయితే 1968 నాటి సమాఖ్య చట్టంతో జాతుల సభలో ఇద్దరికీ సగం సగం స్థానాలు. రాజ్యాంగం మార్చాలంటే ఇద్దరూ విడివిడిగా ఒప్పుకోవాలి. చిన్నవాడి చేతిలో తాళం ఉంది. అయినా 1993 జనవరి 1న విడిపోయారు, రక్తం చుక్క కారకుండా. వాళ్లు కూడా జనాన్ని అడగలేదు, ఇద్దరు ప్రధానులు కూర్చుని తేల్చేశారు, అది నాకు నచ్చని విషయం. సింగపూరుది తలకిందుల కథ. 1965 ఆగస్టు 9న మలేషియానే దాన్ని బయటికి నెట్టింది. ఇక స్కాట్లాండ్. మనకు రాష్ట్రం వచ్చిన 2014లోనే, సెప్టెంబరు 18న, అక్కడ ఓటింగ్ జరిగింది. ఆ ఓటు చట్టబద్ధంగా ఎట్లా జరగాలో లండన్, ఎడిన్‌బరో రెండేళ్ల ముందే కాగితం మీద రాసుకున్నాయి. 55 శాతం ఉంటామన్నారు, ఉన్నారు. తెలంగాణకు ఇట్లాంటి ఓటు ఒక్కనాడూ దక్కలేదు. దక్కి ఉంటే ఇంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకునేవాళ్లు కాదని నా నమ్మకం.

సరే, లేచి వచ్చాం. ఇప్పుడు మన ఇంటి సంగతి చూసుకోవాలి.

మంజీర మీద 1931 నాటికి కట్టిన నిజాంసాగర్ మన జిల్లాలోనే ఉంది. ఆ కాలువ కింద భూములు కొనుక్కుని గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు వర్ని, బోధన్, బాన్సువాడ వైపు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. కొందరు విలీనానికి ముందే, నిజాం కాలంలోనే వచ్చారు. 2014 జూన్ 2 తర్వాత ఆ క్యాంపుల్లోంచి ఎవరూ మూట కట్టుకుని పోలేదు, ఎవరూ పొమ్మనలేదు. విడిపోయింది సర్కార్లు. ఇది మనం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి, ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం.

అదే మంజీర మీద ఎగువన సింగూరు కట్టి హైదరాబాదు తాగునీటికి మళ్లిస్తే నిజాంసాగర్ చివరి ఆయకట్టు ఎండింది. పట్నం దాహం ముందా, పల్లె పైరు ముందా అన్న తగాదాలో గెలిచేది ఎవరో మీకు తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలోనూ గెలిచింది పట్నమే, సొంత రాష్ట్రంలోనూ దాని మాటే చెల్లుతున్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి భూములకు గోదావరి నీళ్లు తేవాల్సిన ఎత్తిపోతల పనుల 22వ ప్యాకేజీ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీని 2002లో ఉమ్మడి రాష్ట్రం ప్రైవేటు పరం చేస్తే తిట్టిపోశాం. సొంత రాష్ట్రంలో, 2015 డిసెంబరులో, అది మూతే పడింది. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతున్నాయని రైతులు కలెక్టరేటు ముందు కూర్చున్నారు. ప్లాన్ వెనక్కి పోయింది. రోడ్డు మీదికి వస్తే తప్ప వినే చెవి లేకపోవడం 1969 నాటి జబ్బే.

బీబీపేట కూడా దోమకొండ మండలంలోంచి విడిపోయి 2016 అక్టోబరులో సొంత మండలమైందని గుర్తు చేస్తే పెద్దలు నవ్వుతున్నారు. నవ్వండి గాని, తహశీల్ ఆఫీసు దగ్గరికి రావడం వేరు, తహశీల్దారును అడిగే నోరు మనకు రావడం వేరు.

చివరగా తలుపు సంగతి. మనం బయటికి వచ్చిన తలుపు రాజ్యాంగం 3వ అధికరణ. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలన్న షరతు లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా పార్లమెంటు పాస్ చేసింది. 119 మాత్రమే ఉన్న మనం 175ను దాటగలిగింది ఆ అధికరణ వల్లే, నేను దానికి రుణపడి ఉన్నాను. అయితే తాళంచెవి మన చేతిలో ఎన్నడూ లేదు. 2019లో అదే అధికరణతో జమ్మూ కశ్మీరును రాష్ట్రం స్థాయి నుంచి దించి రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు, అక్కడ అడగటానికి శాసనసభే లేని సమయంలో. మనకు మేలు చేసిందని ఆ తలుపు మంచిదనుకుంటే పొరపాటు.

బిల్లు రాజ్యసభలో గట్టెక్కింది 2014 ఫిబ్రవరి 20న. పెద్దమనుషుల ఒప్పందం తేదీ కూడా అదే, 58 ఏళ్ల తేడా. ఆ రోజు అదే సభలో ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. చట్టంలో రాయలేదు, నోటితో చెప్పారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఇవ్వలేదు. మన పక్క కొందరు అప్పుడు సంబరపడ్డారు. నేను పడలేకపోయాను. ఈసారి చేతిలో ఉత్త మాట పట్టుకుని ఢిల్లీ గుమ్మంలో నిలబడ్డది విజయవాడ, గుంటూరు, కర్నూలు జనం.

పెద్ద, చిన్న భాగస్తుల ఈ లెక్క దేశం మొత్తానికీ ఉంది. పునర్విభజన సంఘం సభ్యుడు పణిక్కర్ 1955లోనే దీని మీద వేరే నోటు రాశారు. ఉత్తరప్రదేశ్ అంత పెద్ద రాష్ట్రం ఒకటి ఉంటే సమాఖ్యలో తూకం చెడుతుందని, దాన్ని విడగొట్టాలని అందులో వాదించారు. అంబేద్కర్ కూడా అదే ఏడు అదే వాదించారు. ఇప్పుడు లోక్‌సభలో 543 స్థానాలుంటే ఉత్తరప్రదేశ్‌వి 80. నియోజకవర్గాల పునర్విభజన జనాభా లెక్కన జరిగితే మన వాటా తగ్గుతుందని దక్షిణాది అంతా కలవరపడుతున్నది. దేశం అనే ఈ ఇంట్లోంచి లేచి పోవడమన్న మాటే లేదు, ఉండకూడదు కూడా. ఇక్కడ కావలి సంపాదించుకోవడమొక్కటే దారి. పునర్విభజనకు రాష్ట్రాల సమ్మతి కావాలని రాజ్యాంగంలో రాయించుకుంటారా, రాజ్యసభలో చిన్న రాష్ట్రాలకు బరువు పెంచమంటారా, నదీజలాల బోర్డుల్లో మూడో మనిషిని కూర్చోబెట్టమంటారా, నాకు తోచినవి ఇవి. వీటిలో ఏది అడగాలన్నా హైదరాబాదు 17, అమరావతి 25 ఒకే బెంచీ మీద కూర్చుంటే గాని 42 కాదు. కృష్ణా నీళ్ల 512, 299 టీఎంసీల వాటా దగ్గర, విభజన చట్టం తొమ్మిది, పదో షెడ్యూళ్లలోని ఆస్తుల దగ్గర వాళ్లిద్దరూ ఇంకా ముఖాలు తిప్పుకునే ఉన్నారు.

విద్యార్థులు ప్రశ్నలు రాసుకొచ్చారని చెప్పారు. ముందు వెనక బెంచీల వాళ్లు అడగండి.